మురుగు సొరంగంలో ఇంజినీరు ఉద్యోగమా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. పాత మురుగు సొరంగాలకు లోపల స్ప్రే లైనింగ్ (గోడలను కాపాడే పూత) వేసే కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందని ఎగిరి గంతేస్తున్నాడు. ‘ఇంత చదివించింది మురుగులో దిగడానికా’ అని మావారు వాడితో మాటలు మానేశారు. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీవారి కోపంలో సగం భయమే అనుకుంటాను. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక పోయినవాళ్ల వార్తలు చదవని వారముండదు కదా. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు ఆ పనేమిటో చూడండి.

మురుగు అడుగున పేరుకున్న జిగటలోని బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పుట్టిస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. అది పైకి లేచి సొరంగం కప్పుకు పట్టిన తడిలో చేరితే, అక్కడుండే ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్ చేస్తుంది. అందుకే నీళ్లు పారేచోటు గట్టిగానే ఉంటుంది, నీళ్లు తగలని కప్పు మాత్రం తినేసి ఉంటుంది. కొత్త కాంక్రీటు పీహెచ్ 12 పైమాటే (ఈ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువని అర్థం). బాగా చెడిన కప్పు మీద పీహెచ్ కాగితం ఆనిస్తే 1, 2 దగ్గర చూపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో గీస్తే తడి సున్నంలా ఊడొస్తుంది.

లోతైన సొరంగం కూలితే ఏమవుతుందో అమెరికాలో మిషిగన్‌లోని ఫ్రేజర్ ఊరు చూసింది. 2016 డిసెంబర్ 24న అక్కడ దాదాపు 55 అడుగుల లోతున ఉన్న 11 అడుగుల వ్యాసం మురుగు గొట్టం కూలి, పైన రోడ్డు కుంగింది, ఇళ్లు ఖాళీ చేయించారు. అంత లోతు తవ్వి కొత్తది వేయడం మాటలు కాదు. ఉన్నదాన్నే లోపలి నుంచి బతికించే విద్యకు గిరాకీ అందుకే.

చూసేవాళ్లకు స్ప్రే చేయడం గోడకు రంగు కొట్టినట్టే ఉంటుంది. అసలు చదువంతా దానికి ముందుంది. పారే మురుగును పంపులతో పక్కకు మళ్లించాలి. నీటి జెట్‌తో చెడినదంతా రాల్చి, గట్టి కాంక్రీటు తేలేదాకా పోవాలి. సుత్తితో తడుతూ వెళితే ఎక్కడ ‘టంగ్’మంటుందో, ఎక్కడ డొల్లగా ‘డబ్’మంటుందో చెవికే తెలుస్తుంది. ఆ తర్వాత ఊట కట్టాలి. భూగర్భ జలమట్టానికి 15 మీటర్ల కింద గోడ వెనక నుంచి చదరపు మీటరుకు 15 టన్నుల ఒత్తిడి ఉంటుంది. ఊట ఆగకుండా ఎపాక్సీ (గట్టిపడే జిగురు లాంటి పూత) కొడితే బుడగలు లేచి ఊడిపోతుంది. లైనింగ్ అయ్యాక ఉక్కు బిళ్ల అతికించి లాగి చూస్తారు. పాత కాంక్రీటే విరిగి వస్తే పని బాగా కుదిరినట్టు, లైనింగ్ పొరలా లేచి వస్తే మళ్లీ మొదటికి.

ఒక్క మాట మాత్రం మీవాడికి గట్టిగా చెప్పండి. స్ప్రే ఒక్కటే నేర్చుకుంటే ఇరుక్కుపోతాడు. కోల్‌కతాలో బ్రిటిష్ కాలపు ఇటుక సొరంగాల్లో స్ప్రే బదులు ఫైబర్‌గ్లాస్ లైనర్లు (లోపల తొడిగే తొడుగులు) బిగించారు. ఎక్కడ ఏది సరిపోతుందో తేల్చేవాడికే విలువ. కాంక్రీట్ టెక్నాలజీ, సాయిల్ మెకానిక్స్ మీద శ్రద్ధ పెట్టమనండి. గేట్ రాసి స్ట్రక్చర్స్‌లోగానీ ఎన్విరాన్‌మెంటల్‌లోగానీ ఎంటెక్ చేయొచ్చు. విదేశాలే కావాలనుకుంటే లూసియానా టెక్, వాటర్‌లూ యూనివర్సిటీల్లో ఈ ట్రెంచ్‌లెస్ (నేల తవ్వకుండా గొట్టాలు వేసే, బాగుచేసే) రంగానికే పరిశోధన కేంద్రాలున్నాయి. కొన్నాళ్లు స్ప్రే చేసే గొట్టం మూతి (నాజిల్) చేత్తో పట్టడం కూడా నేర్చుకోవాలి. షాట్‌క్రీట్ (గోడ మీదికి ఒత్తిడితో కాంక్రీటు చిమ్మడం) తెలిసినవాడికి కొండల్లో రైలు సొరంగాల దగ్గరా పని ఉంటుంది.

ఇక భయం సంగతి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెలియదు. ‘వాసన రావట్లేదు, దిగొచ్చు’ అనుకోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే కంపెనీని ఇవి అడగాలి. దిగేముందు మీటర్‌తో నాలుగు వాయువులూ (ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువులు) చూస్తారా? ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే పని ఆపేస్తారా? పైన ట్రైపాడ్ (మనిషిని పైకి లాగే మూడు కాళ్ల స్టాండు), తాడు, మనిషి ఎప్పుడూ ఉంటారా? రక్షణ పరికరాలు లేకుండా మనుషులతో మురుగు కాలువలు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా ఇంజినీరుకు మాస్కిచ్చి కూలీని ఉత్త ముఖంతో దింపేవాళ్లున్నారు. కూలీలకు ఏమిస్తారన్నది తప్పకుండా అడగాలి.

మీవాణ్ని ఈ ప్రశ్నలన్నీ కంపెనీకి ఫోన్ చేసి అడగమనండి. స్పీకర్ ఆన్‌లో పెట్టి, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని. అవతలివాళ్లు నీళ్లు నమిలితే నేనూ మీవారి పక్షమే, ఈ ఇంటర్న్‌షిప్ వద్దు. తడుముకోకుండా చెబితే మటుకు వాడి ప్రయాణానికి టికెట్ మీవారి చేతే కొనిపించండి.