బాక్సింగ్ క్లిప్‌కి లక్షల వ్యూస్, మా జిల్లా వెయిట్‌లిఫ్టింగ్ లైవ్‌కి ముప్పై: తేడా ఎక్కడుంది?

మీరు అడిగింది ఇది: బాక్సింగ్, ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరు) క్లిప్పులు లక్షల మంది చూస్తున్నారు, మా జిల్లా వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు ఆరు గంటలు లైవ్ పెడితే పట్టుమని ముప్పై మంది కూడా చూడలేదు. జనానికి కొట్లాటలే కావాలా, మేమేమైనా తప్పు చేస్తున్నామా?

కొట్లాట మీద జనానికి మోజుంది, కాదనను. కానీ అంతకంటే పెద్ద కారణం, బాక్సింగ్ బౌట్‌ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వెయిట్‌లిఫ్టింగ్‌ని చెప్పాలి. మీ లైవ్‌లో చెప్పేవాళ్లు లేరు, తెర మీద అంకెలూ లేవు.

బాక్సింగ్‌లో ఎర్ర మూల, నీలి మూల, ఇద్దరే మనుషులు. తాళ్ల మధ్య 6.1 మీటర్ల చదరం. మూడు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం చొప్పున విరామం. 11 నిమిషాల్లో అంతా తేలిపోతుంది. ఏ క్షణాన తెరిచినా ఎవరిది పైచేయో కంటికి తెలుస్తుంది. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు నిలువు ఫోన్ తెరలో చక్కగా ఇమిడిపోతారు. ఎంఎంఏ పోటీలు నడిపే యూఎఫ్‌సీ సంస్థ అయితే బరువు తూచడాన్నీ, ముందురోజు ముఖాముఖి నిలబెట్టడాన్నీ కూడా ప్రదర్శనలుగా మార్చింది. పోరు జరిగే పంజరం గేటు మూసేసరికి ఎవరు గెలిస్తే ఏమవుతుందో చూసేవాళ్ల బుర్రలో ముందే ఉంటుంది.

ఆ వెలుగు కూడా అందరి మీదా సమానంగా పడదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది, ఇంటింటికీ తెలిసింది. అదే నిజామాబాద్ నుంచి వచ్చిన హుస్సాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో 57 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చాడు. మోకాలి గాయం వల్ల సెమీఫైనల్ ఆడలేకపోయాడు. ఆడని బౌట్‌కి క్లిప్ ఉండదు కాబట్టి ఆ పతకం చాలామందికి గుర్తే లేదు. అంటే జనం చూస్తున్నది ఆటని కాదు, కంటికి వెంటనే అర్థమయ్యే ఘట్టాన్ని.

ఈ సంగతి ముందుగా పసిగట్టినవాళ్లలో విలువిద్య వాళ్లున్నారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నుంచి నాకౌట్‌లో ఇద్దర్ని ఎదురెదురుగా పెట్టారు. 2010లో రికర్వ్ (కప్పీలు లేని విల్లు) వ్యక్తిగత పోటీలకు సెట్ల పద్ధతి తెచ్చారు: సెట్‌కి మూడు బాణాలు, గెలిస్తే 2 పాయింట్లు, ముందుగా 6 చేరినవాళ్లది మ్యాచ్. బాణానికి 20 సెకన్లు. వరసలో నిలబడి వందల బాణాలు వేసే ఆటని ఇద్దరి మధ్య పోరుగా మార్చేశారు. మన విజయవాడ జ్యోతి సురేఖది కాంపౌండ్, అంటే కప్పీలున్న విల్లు. అందులో సెట్లు లేవు, 15 బాణాల మొత్తమే లెక్క, గరిష్ఠం 150. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఆమె 149 కొట్టింది. 50 మీటర్ల దూరంలో, పది పాయింట్లిచ్చే 8 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వలయం, 15 బాణాల్లో పోయింది ఒక్క పాయింట్. ఈ రెండు వాక్యాలు చెప్పకుండా చూపిస్తే అది పసుపు చుక్కలో బాణాలు దిగడం మాత్రమే. చెప్పి చూపిస్తే ఊపిరి బిగపట్టి చూస్తారు.

వెయిట్‌లిఫ్టింగ్‌లోనూ ఉత్కంఠ బోలెడు, అదంతా అంకెల్లో దాగి ఉంటుంది. 2000 సిడ్నీలో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ (బార్‌ని నేలనుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, జెర్క్ (ముందు భుజాల దాకా తెచ్చే క్లీన్, అక్కణ్నుంచి తలపైకి తోయడం) 130, మొత్తం 240తో కాంస్యం గెలిచింది. స్వర్ణం తేలింది 242.5 దగ్గర. ఆమె ఆఖరి ప్రయత్నానికి బార్ మీద 137.5 పెట్టించింది. లేస్తే 247.5, అంటే స్వర్ణం. లేవలేదు. ఈ లెక్క తెలియనివాళ్లకి అది ఒక విఫలమైన ఎత్తుడు; తెలిసినవాళ్లకి మన ఆటల చరిత్రలో అతి దగ్గరగా వచ్చి జారిపోయిన ఒలింపిక్ స్వర్ణాల్లో ఒకటి. మీ జిల్లా పోటీలోనూ ప్రతి విభాగంలో ఇలాంటి ఆఖరి ప్రయత్నం ఒకటైనా ఉంటుంది. దాన్ని తెర మీదికి తేవడమే మీ పని.

ముందు అంకెల సంగతి చూడండి, కెమెరా తర్వాత. ల్యాప్‌టాప్‌లో ఒక షీట్ తెరిచి పేరు, జిల్లా, శరీర బరువు, లాట్ నంబరు (చీటీ తీసి ఇచ్చేది), మూడు స్నాచ్ ప్రయత్నాలు, మూడు జెర్క్ ప్రయత్నాలు, మొత్తం, స్థానం, ఇలా గళ్లు పెట్టుకోండి. చివర్లో ఇంకో గడి కలపండి: "మొదటి స్థానానికి కావలసింది". సూత్రం సులువు: ముందున్నవాళ్ల మొత్తానికి 1 కలిపి, అందులోంచి ఈ లిఫ్టర్ ఉత్తమ స్నాచ్ తీసేయాలి. ముందున్నమ్మాయి మొత్తం 171, మన అమ్మాయి స్నాచ్ 74 అయితే జెర్క్‌లో 98 కావాలి. 97 ఎత్తి సమం చేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు, ఇప్పటి నిబంధన ప్రకారం మొత్తాలు సమమైతే ఆ మొత్తాన్ని ముందు సాధించినవాళ్లకే పై స్థానం. పాత రోజుల్లో శరీర బరువు తక్కువున్నవాళ్లకి ఇచ్చేవారు, చాలామంది సీనియర్ కోచ్‌లు ఇప్పటికీ అదే చెప్తుంటారు, జాగ్రత్త.

ఈ షీట్ నడిపే మనిషి కెమెరా పక్కన కూర్చోకూడదు, మార్షల్ టేబుల్ (కోచ్‌లు తర్వాతి బరువు చెప్పే చోటు) పక్కన కూర్చోవాలి. చాలా లైవ్‌లు ఇక్కడే చెడిపోతాయి. ప్రతి ప్రయత్నానికీ బరువుని రెండుసార్లు మార్చుకునే వీలుంది. పిలుపు వచ్చి గడియారం మొదలయ్యాక కూడా, 30 సెకన్లు మిగిలాయనే హెచ్చరిక మోగేలోపు మార్చుకోవచ్చు. ఇంకో కోచ్ ఒక్క కిలో పెంచితే వరస మారిపోతుంది, ఇంకొకరు ముందుకొస్తారు. దూరంగా కూర్చున్నవాడికి ఇది వినపడదు, తెర మీద ఒకరి పేరు, బార్ దగ్గర ఇంకొకరు. రెండుసార్లు అలా జరిగితే చూసేవాళ్లు మిమ్మల్ని నమ్మడం మానేస్తారు. వరస ఎలా నడుస్తుందో కూడా ఆ మనిషికి నోటికి రావాలి: తక్కువ బరువు ముందు, బరువు ఒకటే అయితే తక్కువ నంబరు ప్రయత్నం ముందు.

తెర మీద అన్నీ కుక్కకండి. కింద ఒకే పట్టీ చాలు: పేరు, జిల్లా, ఎన్నో ప్రయత్నం, బార్ మీద కిలోలు, "ఎత్తితే రెండో స్థానం" లాంటి ఒక్క ముక్క. ఆ చివరి ముక్క లేకపోతే మిగతావి ఉన్నా దండగే.

ఇక కెమెరా. వేదిక 4 మీటర్ల చదరం. రెఫరీలు ముగ్గురు, ఒకరు ఎదురుగా, ఇద్దరు పక్కల. మధ్య రెఫరీకి వెనక, కొంచెం పక్కకి, వేదికకి ఆరేడు మీటర్ల దూరంలో ట్రైపాడ్ పెట్టండి, ఎత్తు మీటరుకి అటూఇటూ. గ్యాలరీ పైనుంచి తీస్తే మనిషి మరుగుజ్జులా కనిపిస్తాడు, బరువు బరువులా అనిపించదు. పూర్తిగా పక్కనుంచి తీస్తే ప్లేట్లు ముఖాన్ని కప్పేస్తాయి. ముందునుంచి 30 డిగ్రీలు పక్కకి జరిగితే ముఖమూ, మోచేతులూ రెండూ కనిపిస్తాయి. రెఫరీల చూపుకి అడ్డం రాకూడదు, ఫ్లాష్ వాడకూడదు. ఈ రెండూ ముందే నిర్వాహకులతో మాట్లాడుకోండి. ట్రైపాడ్ కాళ్లు నేరుగా నేల మీద ఉంటే బార్ పడేసిన ప్రతిసారీ చిత్రం అదురుతుంది. నేల మీద రబ్బరు మ్యాట్ ముక్క వేసి దానిమీద పెట్టండి.

ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయాలి. లేకపోతే లిఫ్టర్ చేతులకి చాక్ రుద్దుకుంటున్నప్పుడు ఎగిరే పొడికి ఫోకస్ అటూఇటూ తిరుగుతుంది. ట్యూబ్‌లైట్ల హాలైతే చిత్రంలో నల్లటి పట్టీలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక షట్టర్‌ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో కట్టేస్తే అవి పోతాయి.

శబ్దం మీద చాలామంది శ్రద్ధ పెట్టరు. ఫోన్ మైకు తనంతట తానే స్థాయి సర్దుకుంటుంది. వంద కిలోల బార్ ధడేలున పడగానే బాగా తగ్గించేసుకుంటుంది, తర్వాత కొన్ని సెకన్లు వ్యాఖ్యాత గొంతు వినపడదు. కాలర్‌కి పెట్టుకునే మైకు ఒకటి వ్యాఖ్యాతకి విడిగా ఇవ్వండి, వేదిక శబ్దం సన్నగా వినిపిస్తే చాలు.

720 పిక్సెల్స్, సెకనుకి 30 ఫ్రేములు సరిపోతాయి. దానికి 3 నుంచి 4 ఎంబీపీఎస్ పడుతుంది, కాబట్టి అప్‌లోడ్ వేగం కనీసం దానికి రెట్టింపు ఉండాలి. ముందురోజు ఖాళీ హాల్లో పరీక్షించి మురిసిపోకండి. రేకుల కప్పు కింద రెండొందల మంది ఫోన్లతో కూర్చున్నాక సిగ్నల్ వేరు. వీలైతే పక్క ఆఫీసునుంచి బ్రాడ్‌బ్యాండ్ తీగ లాగండి. ఫోన్‌నుంచి నేరుగా యూట్యూబ్ లైవ్ పెట్టాలంటే చానల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి, మొదటిసారి లైవ్ అనుమతి వచ్చేందుకు 24 గంటల దాకా పట్టొచ్చు. పోటీ రోజు ఉదయం ఇది గుర్తొస్తే చేసేదేం లేదు. మన ఎండల్లో ఛార్జింగ్ పెట్టి లైవ్ నడిపితే ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది; కవర్ తీసేసి, చిన్న ఫ్యాను పెట్టండి.

ఒక్కో ప్రయత్నానికి లిఫ్టర్‌కి 60 సెకన్ల గడియారం ఉంటుంది (అదే లిఫ్టర్ వెంటనే మళ్లీ వస్తే 120). వ్యాఖ్యాతని అందులో మూడే ముక్కలు చెప్పమనండి: బార్ మీద ఎంత, ఎత్తితే ఏమవుతుంది, ఏం గమనించాలి. బార్ కదలగానే నోరు మూసుకోవాలి. రెఫరీల లైట్లు వెలిగాక కారణం చెప్పాలి. మూడింట్లో రెండు తెల్లవైతే ఎత్తినట్టు. ఎర్రవి పడితే ఎందుకో చెప్పకపోవడమే కొత్త ప్రేక్షకుణ్ని పోగొట్టుకునే చోటు, "ఎత్తేసింది కదా, ఎందుకివ్వలేదు?" అని విసుగొచ్చి వెళ్లిపోతాడు. సాధారణంగా కారణాలు మూడే: మోచెయ్యి ఒకసారి మడతపడి మళ్లీ తోసి నిలపడం, క్లీన్‌లో మోచెయ్యి మోకాలికో తొడకో తగలడం, దించమనే డౌన్ సిగ్నల్ రాకముందే బార్ దించేయడం. చిన్నపిల్లల పోటీల్లో మూడోది మరీ ఎక్కువ. కంగారులో వదిలేస్తారు.

ఆరు గంటల వీడియో ఒకటే పెట్టకండి. ఒక్కో శరీర బరువు విభాగానికి ఒక లైవ్, శీర్షికలో "మహిళలు 58 కిలోలు" అని, జిల్లా పేరుతో. బరువు తూచడం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటసేపు జరుగుతుంది కాబట్టి ఆరంభ సమయం మీకు ముందే తెలుస్తుంది, ఆ లెక్కన లింకు ముందుగా ఊళ్లోవాళ్లకి పంపొచ్చు. స్నాచ్‌కీ జెర్క్‌కీ మధ్య ఉండే 10 నిమిషాల విరామంలో ఖాళీ వేదిక చూపిస్తూ కూర్చోకుండా పట్టిక పెట్టి, ఎవరికి ఎంత కావాలో చదవండి. కొత్తవాళ్లకి ఆట అర్థమయ్యేది అప్పుడే.

క్లిప్పుల విషయంలో మీకు తెలియని సౌలభ్యం ఒకటుంది. మగవాళ్ల బార్ పొడవు 2.2 మీటర్లు, ఆడవాళ్లది 2.01. నిలువు తెర నిష్పత్తి 9కి 16. బార్ మొత్తం అడ్డంగా పట్టేలా తీస్తే నిలువున దాదాపు నాలుగు మీటర్లు వస్తుంది. మనిషి బార్ ఎత్తి నిలబడ్డా పైన మూడోవంతు ఖాళీగా మిగులుతుంది. అంకెలు రాయాల్సింది అక్కడే. చాక్ దగ్గర్నుంచి కాకుండా బార్ పట్టుకునే క్షణంనుంచి మొదలుపెట్టి, లైట్లు వెలిగి ముఖం మారేదాకా ఉంచండి, 20 సెకన్లు దాటదు. లైట్లకంటే ముందు కత్తిరిస్తే ఆ క్లిప్ చచ్చినట్టే.

ఖోఖోకి ఇదే పద్ధతి పనికిరాదు. 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉన్న మైదానం నేలమట్టంనుంచి తీస్తే కూర్చున్న ఎనిమిది మందీ ఒక గోడలా కనిపిస్తారు. మధ్యగీతకి పక్కగా, డాబా మీదనుంచో నిచ్చెన మీదనుంచో తీయాలి, అప్పుడే పరుగు దిశ తెలుస్తుంది. విలువిద్యకైతే రెండు ఫోన్లు తప్పవు, ఒకటి విల్లు దగ్గర, ఒకటి లక్ష్యం దగ్గర భద్రమైన పక్కచోటున.

కొట్లాట క్లిప్పులనుంచి తీసుకోకూడనిది ఒకటుంది. మీ పోటీల్లో ఎక్కువమంది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు. ఒకరినొకరు కవ్వించినట్టు శీర్షికలు పెట్టకండి, కింద పడిపోయిన అమ్మాయిని క్లిప్ చేయకండి. బరువు తూచే గది చుట్టుపక్కల కెమెరా అసలు తిరగకూడదు. తల్లిదండ్రుల అనుమతి కాగితం ఎంట్రీ ఫారంతోపాటే తీసుకోండి, పుట్టినతేదీ, ఆధార్ ఉన్న పట్టిక ఏదీ తెర మీదికి రాకూడదు.

మొదటిసారి అన్ని విభాగాలూ నెత్తిన వేసుకోకండి. పోటీ గట్టిగా ఉండే విభాగం ఒకటి ఎంచుకుని, ముగ్గురు మనుషులతో, అంటే షీట్‌కొకరు, కెమెరాకొకరు, మైకుకొకరు, అదొక్కటే శుభ్రంగా చేయండి. అయ్యాక ప్రతి లిఫ్టర్ ఆరు ప్రయత్నాలూ విడివిడిగా కోసి, లైట్ల ఫలితంతో సహా వాళ్ల కోచ్‌కి పంపండి. ఆ ముక్కలు ముందు ఆ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, తర్వాతి పోటీకి మీ లైవ్ తెరిచే మొదటి వందమందీ అక్కణ్నుంచే వస్తారు.