నొప్పి తగ్గాక తీసిన ఈసీజీలోనూ ప్రమాద సూచన ఉండవచ్చు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు 54 ఏళ్లు, షుగర్ ఉంది, బీడీలు తాగుతారు. కొన్నాళ్లుగా పత్తి చేను దాకా నడిస్తే ఛాతీ మధ్యలో బరువుగా ఉంటోందని, కూర్చుంటే తగ్గుతోందని అంటున్నారు. మొన్న రాత్రి పడుకున్నప్పుడు కూడా వచ్చింది. మరునాడు నొప్పి లేనప్పుడు ఈసీజీ తీయిస్తే వీ2 నుంచి వీ4 వరకు టీ వేవ్ తలకిందులుగా ఉందని రాశారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని మాత్రలు ఇచ్చారు. పత్తి అమ్మాక వచ్చే నెల ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిద్దామనుకుంటున్నాం. గుండెపోటు రాబోతోందని ఈసీజీలో ముందే తెలుస్తుందా?

సలహా: ముందుగా మీరు అడగని విషయం చెప్పాలి. వచ్చే నెల దాకా ఆగవద్దు. ఇది చదివిన రోజే నాన్నగారిని నల్లగొండకో హైదరాబాద్‌కో, గుండె వైద్య నిపుణులున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ట్రెడ్‌మిల్ పరీక్ష మాత్రం ఈ స్థితిలో చేయించవద్దు.

నడిచినప్పుడు మాత్రమే వచ్చే ఛాతీ బరువు విశ్రాంతిలోనూ రావడం మొదలైందంటే, రక్తనాళంలోని అడ్డంకి నిలకడ తప్పిందని అనుమానించాలి. దానికి తోడు వీ2, వీ3 లీడ్లలో, అంటే ఛాతీపై పెట్టే తీగల నుంచి వచ్చే గీతల్లో, టీ వేవ్ (ఒక్కో గుండె చప్పుడు గీతలో చివర వచ్చే అల) లోతుగా తిరగబడినా, సగం పైకి సగం కిందికి ఉన్నా, గుండె ముందు భాగానికి రక్తమిచ్చే ప్రధాన నాళం మొదట్లోనే బాగా మూసుకుపోయి ఉండవచ్చు. దీనిని 1982లో నెదర్లాండ్స్ గుండె వైద్యుడు వెలెన్స్ బృందం వివరించింది. ఈ మార్పు తరచుగా నొప్పి లేని సమయంలోనే కనిపిస్తుంది కాబట్టి, నొప్పి తగ్గింది కదా అని ఊరట చెందడానికి వీల్లేదు. అలాంటి వ్యక్తిని ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తిస్తే పరీక్ష గదిలోనే గుండెపోటు రావచ్చు. వీరికి సాధారణంగా యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రేతో అడ్డంకి చూసే పరీక్ష) అవసరమవుతుంది.

అయితే బీపీ వల్ల గుండె కండరం మందమైనా, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ చేరినా, పొటాషియం తగ్గినా టీ వేవ్ మారవచ్చు. మీ కాగితాన్ని నేను చూడలేదు, నాన్నగారిని పరీక్షించలేదు. కనుక ఇది నిర్ధారణ కాదు, అనుమానం మాత్రమే. ఆ అనుమానాన్ని తీర్చాల్సింది ఆసుపత్రిలోని వైద్యులు.

మీ ప్రశ్నకు వస్తే, కొన్నిసార్లు ముందే తెలుస్తుంది, చాలాసార్లు తెలియదు. ఎస్‌టీ భాగం (టీ వేవ్‌కు ముందుండే గీత) కిందికి దిగడం, టీ వేవ్ అసాధారణంగా ఎత్తుగా, వెడల్పుగా మారడం కూడా హెచ్చరికలే. కానీ ఒక్క ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండె బాగుందని కాదు. అందుకే నొప్పితో వచ్చినవారికి కొద్ది నిమిషాల తేడాతో మళ్లీ మళ్లీ ఈసీజీ తీసి, గుండె కండరం దెబ్బతిన్నదేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్షను కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తాం.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఆ గ్యాస్ మాత్ర. మన జిల్లాలో ఛాతీలో ఏ బాధ వచ్చినా మొదట గుర్తుకు వచ్చేది గ్యాసే. మందుల షాపులో మాత్ర, ఒక సోడా, కాసేపు పడక, అంతటితో రాత్రి గడిచిపోతుంది. గుండెనొప్పి దానంతట అది తగ్గినా ఆ ఘనత మాత్రకే దక్కుతుంది. షుగర్ ఉన్నవారిలో నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు, ఆయాసం, చెమట, కడుపు పైభాగంలో మంట మాత్రమే ఉండవచ్చు. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే బాధను గ్యాస్ అని ఎవరు చెప్పినా, ఈసీజీలో మార్పు ఉన్నప్పుడు ఆ మాటపై ఆగిపోవడం మీ పొరపాటని చెప్పక తప్పదు. పత్తి ధర కోసం ఆగవచ్చు, దీనికోసం ఆగలేరు.

బయలుదేరే లోపు మళ్లీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. బైక్‌పై కూర్చోబెట్టి తీసుకెళ్లవద్దు, నడిపించవద్దు. ఆస్ప్రిన్ పడనివారు, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ నమిలి మింగించవచ్చు. 108 సిబ్బందిని అడిగి ఇవ్వండి. నాలుక కింద పెట్టే మాత్రను మాత్రం వైద్యుల సలహా లేకుండా ఇవ్వవద్దు, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. షుగర్ మందుల చీటీలు వెంట ఉంచుకోండి. ఈసీజీ కాగితంపై గీతలు ఎండకు, వేడికి చెరిగిపోతాయి కనుక వెంటనే ఫొటో తీసి, జిరాక్స్ చేయించుకోండి. గతంలో ఎప్పుడైనా తీయించిన ఈసీజీ దొరికితే అది కూడా తీసుకెళ్లండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు కొత్తదో పాతదో వైద్యులకు తెలుస్తుంది.

- గుండె వైద్య నిపుణులు, నల్లగొండ