యజమాని లేని నాణేనికి మరమ్మతు చేసేదెవరు?

ప్రశ్న: బిట్‌కాయిన్‌కు యజమాని లేడంటారు. ఎథీరియం అనే మరో క్రిప్టోకేమో స్విట్జర్లాండ్‌లో ఫౌండేషన్ ఉంది. వెనక సంస్థ లేకపోతే తప్పు దొర్లినప్పుడు సరిదిద్దేదెవరు? సంస్థే ఉంటే ఇక వికేంద్రీకృతం అనడమెందుకు?
– కామర్స్ అధ్యాపకుడు, శ్రీకాకుళం

జవాబు: చెరువు నీరు మదుములోంచి పొలాలకు దానంతటదే పారుతుంది. మదుము తలుపు తుప్పు పట్టినా, కాలవ పూడినా మాత్రం ఎవరో ఒకరు దిగాలి, వాళ్ల కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి. క్రిప్టోలోనూ పారడం వేరు, మరమ్మతు వేరు.

పారడానికి సంస్థ అక్కర్లేదు. బిట్‌కాయిన్‌లో సుమారు పది నిమిషాలకొక బ్లాకు, అంటే లావాదేవీల చిట్టాలో ఒక పేజీ లాంటిది, తయారవుతుంది. దాన్ని తయారుచేసిన మైనరుకు (కంప్యూటర్లతో ఆ పని చేసేవాడికి) 2024 ఏప్రిల్ నుంచి 3.125 నాణేలు, వాటితోపాటు లావాదేవీల రుసుము దక్కుతాయి. ప్రతి 2016 బ్లాకులకోసారి మైనింగ్, అంటే బ్లాకు తయారీ, ఎంత కష్టంగా ఉండాలో నెట్‌వర్కే లెక్క కట్టుకుంటుంది. అయితే ఈ కూలి మైనర్లకే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు, అందులో తప్పులు వెతికేవాళ్లకు ఆ లెక్కలోంచి పైసా రాదు. పేచీ అంతా ఇక్కడే.

ఆ లోటు తీర్చడానికే 2012లో బిట్‌కాయిన్ ఫౌండేషన్ పెట్టారు. 2015 నాటికి దాని గల్లాపెట్టె ఖాళీ అయిందని బోర్డు సభ్యుడే బయటపెట్టాడు. జీతాలు తీసుకుంటున్న డెవలపర్లు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి మారారు. బ్లాకులు మాత్రం ఎప్పటిలాగే వస్తూనే ఉన్నాయి. ఇవాళ బ్రింక్, ఓపెన్‌శాట్స్, చెయిన్‌కోడ్ ల్యాబ్స్ లాంటి సంస్థలు తలా కొందరు డెవలపర్లను పోషిస్తున్నాయి. ఒకటి చేతులెత్తేస్తే ఇంకొకటి ఉంటుంది. మా దృష్టిలో అన్నిటికన్నా నిలకడైన ఏర్పాటు ఇదే.

ఇక తప్పు దొర్లితే? 2010 ఆగస్టు 15న ఒక లెక్కల లోపం వల్ల ఒకే బ్లాకులో 18,400 కోట్లకు పైగా నాణేలు పుట్టాయి; మొత్తం పరిమితే 2.1 కోట్లు. కొన్ని గంటల్లోనే బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీ నకమొటో సవరణ విడుదల చేశాడు, మైనర్లు దానికి మారారు, తప్పుడు బ్లాకుల గొలుసు వెనకబడి రద్దయింది. 2013 మార్చిలో సాఫ్ట్‌వేర్ 0.8 వెర్షన్ ఒప్పుకున్న ఒక బ్లాకును 0.7 వెర్షన్ ఒప్పుకోక గొలుసు రెండుగా చీలింది. డెవలపర్లు పెద్ద మైనింగ్ పూల్స్‌ను (మైనర్ల జట్లను) పాత వెర్షన్‌కు వెళ్లమని అడిగారు. అడిగారంతే, ఆజ్ఞాపించే మీట వాళ్ల దగ్గర లేదు. పూల్స్ కాస్త నష్టపోయి మరీ విన్నాయి. బిట్‌కాయిన్‌ను నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ ఈనాటికీ దానంతటది అప్‌డేట్ కాదు. కొత్త వెర్షన్ దింపుకోవాలా వద్దా అన్నది నడిపేవాడి ఇష్టం. ఫోన్‌లో యాప్‌లు మనల్ని అడక్కుండానే మారిపోతుంటాయి కదా, ఇక్కడ అలా కుదరనివ్వకపోవడం కావాలని చేసిన పనే.

ఎథీరియంలో సంస్థ పలుకుబడి ఎక్కువ. 2016 జూన్‌లో ‘డావో’ అనే ఉమ్మడి నిధి నుంచి 36 లక్షల ఈథర్ (ఎథీరియం నాణేలు) దొంగతనంగా తరలిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చేలా జూలై 20న నియమాలే మార్చారు. ఒప్పుకోనివాళ్లు పాత గొలుసునే పట్టుకున్నారు. అదే ఎథీరియం క్లాసిక్. ఫౌండేషన్ ఎటు మొగ్గిందో అటే ఎక్కువమంది వెళ్లారు కానీ, వెళ్లనివాళ్లను అది ఆపలేకపోయింది. మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది: సంస్థ ఉండొచ్చు, దాని మాట కాదని బయటికి నడిచే దారి కూడా ఉండాలి.

డ్యాష్ లాంటి ఇంకొన్ని నాణేలు బ్లాకు బహుమతిలో కొంత వాటా ఖజానాకు మళ్లిస్తాయి. దాతల కోసం ఎదురుచూడక్కర్లేదు, నిజమే. కానీ ఖర్చు మీద ఓటు 1,000 డ్యాష్ పెట్టి మాస్టర్‌నోడ్ అనే ప్రత్యేక కంప్యూటర్ నడిపేవారికే. నీటి సంఘంలో పెద్ద భూస్వాములకే ఓటన్నట్టు!

ప్రశ్న: మా మామయ్య ఒక కొత్త కాయిన్‌లో చేరమంటున్నాడు. వెనక కంపెనీ లేదట, అందుకే అనుమతులూ అక్కర్లేదట. ఇద్దరిని చేర్పిస్తే మనకూ కాయిన్లు వస్తాయట.
– రాజాం పాఠకురాలు

జవాబు: కంపెనీ లేకపోతే చేర్పించినందుకు కాయిన్లు పంచుతున్నదెవరమ్మా? ముందు ఆ మాట అడగండి. మనుషుల్ని చేర్పించడం మీద డబ్బు తిరిగే పథకాలను 1978 చట్టమే నిషేధించింది. క్రిప్టో లావాదేవీల వ్యాపారం చేసేవాళ్లు 2023 మార్చి నుంచి కేంద్ర ఆర్థిక నిఘా విభాగం దగ్గర నమోదు కావాలి.

తర్వాత కాయిన్ కాంట్రాక్ట్ అడ్రస్ (బ్లాక్‌చెయిన్‌లో ఆ కాయిన్ కోడ్ ఉండే చోటు) అడగండి. అది లేదంటే, వాళ్ల యాప్‌లో తప్ప ఎక్కడా కనిపించదంటే, మీరు చూస్తున్నది యాప్ వాడు వేసిన అంకె మాత్రమే. అడ్రస్ ఇస్తే, లావాదేవీలను అందరికీ చూపించే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో వేసి మూడు చోట్ల చూడండి. ‘హోల్డర్స్’ పేజీలో మొదటి పది అడ్రసుల దగ్గర ఎంత శాతం ఉంది? కోడ్ పేజీలో ‘మింట్’, ‘పాజ్’, ‘బ్లాక్‌లిస్ట్’ ఉన్నాయా? ‘ఓనర్’ ఎవరు? మింట్ అధికారం ఒక్కడి చేతిలో ఉందంటే వాడు ఎన్ని కావాలంటే అన్ని పుట్టిస్తాడు. పాజ్ ఉంటే మీరు అమ్మబోయిన రోజున ఆపేస్తాడు. బ్లాక్‌లిస్ట్ ఉంటే మీ ఒక్కరి అడ్రస్‌నే అడ్డుకోగలడు. కోడ్ పేజీలో ‘ప్రాక్సీ’ అని ఉంటే ఇవాళ చదివిన కోడ్ రేపు మారిపోవచ్చు. కోడే చూపించకపోతే ఇక మాట్లాడుకునేదేం లేదు. మామయ్యతో మొహమాటానికి పోకండి.

ప్రశ్న: ఇంట్లో సొంతంగా బిట్‌కాయిన్ నోడ్ నడపాలంటే ఎంత సరంజామా కావాలి?
– బొబ్బిలి నుంచి ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: ముందే చెబుతున్నాం, నోడ్ (బ్లాకులన్నీ దింపి సరిచూసే కంప్యూటర్) నడిపితే డబ్బు రాదు. నియమాలు పాటిస్తున్నారో లేదో మీరే తనిఖీ చేసుకోవచ్చు, లాభం అంతవరకే.

గొలుసు మొత్తం ఉంచుకోవాలంటే 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకోండి. డేటా ఇప్పటికే 700 జీబీ దాటింది. పాత హార్డ్‌డిస్క్ మీద మొదటి సింక్ (గొలుసంతా దింపి సరిచూడటం) వారాల తరబడి ఈడుస్తుంది. చోటు లేకపోతే ప్రూన్ సెట్టింగ్‌లో 550 (ఎంబీ) అని పెట్టండి, పాత బ్లాకులు చెరిపేస్తూ పోతుంది. అప్పుడూ ఖర్చు కాని నాణేల పట్టికకు విడిగా పది జీబీకి పైనే కావాలి. ప్రూన్ చేసినా బ్లాకులన్నీ ఒకసారి దింపుకోవాల్సిందే కాబట్టి మీ బ్రాడ్‌బ్యాండ్ నెలకు ఎన్ని జీబీల తర్వాత నెమ్మదిస్తుందో ముందే చూసుకోండి. దింపిన బిట్‌కాయిన్ కోర్ ఫైలుకు హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంకేతం) సరిపోల్చి, విడుదల మీది సంతకాలు కూడా సరిచూశాకే ఇన్‌స్టాల్ చేయండి.

మన వైపు అసలు బెడద కరెంటు. సింక్ మధ్యలో పోతే నాణేల పట్టిక పాడవచ్చు. అప్పుడు రీఇండెక్స్ చేయాలి, అంటే బ్లాకుల నుంచి ఆ పట్టికను తిరిగి కట్టుకోవాలి. ప్రూన్ చేసిన నోడ్‌లో పాత బ్లాకులు ఉండవు కనుక మళ్లీ మొదటి నుంచి డౌన్‌లోడే. యూపీఎస్ లేకుండా మొదలెట్టకండి. తుపాను హెచ్చరిక వస్తే ప్రోగ్రాంను పద్ధతిగా మూసి, ప్లగ్ తీసేయండి.

ఇంకో సంగతి. కొత్త నోడ్ తోటి నోడ్‌లను వెతుక్కోవడానికి కోడ్‌లో రాసి ఉన్న కొన్ని డీఎన్ఎస్ సీడ్ సర్వర్లను (నోడ్‌ల అడ్రసులు చెప్పే కంప్యూటర్లను) అడుగుతుంది. వాటిని నడిపేది గుప్పెడు మంది. యజమాని లేడన్న చోట కూడా ఇలాంటి చిన్న కేంద్రాలు మిగిలే ఉన్నాయి. అవి పలకకపోతే కోడ్‌లోనే ఉన్న అడ్రసుల జాబితా ఉంటుంది, తెలిసినవాళ్ల నోడ్ అడ్రస్ మీరే చేత్తో కలపనూవచ్చు.

ప్రశ్న: ఎక్స్ఛేంజీ నా ఖాతా స్తంభింపజేసింది. బిట్‌కాయిన్ వాళ్లకు ఫిర్యాదు ఎలా పంపాలి?
– పలాస పాఠకుడు

జవాబు: ‘బిట్‌కాయిన్ వాళ్లు’ అంటూ ఎవరూ లేరు. ఎక్స్ఛేంజీ మాత్రం అచ్చంగా కంపెనీయే, మీ నాణేల తాళంచెవి దాని దగ్గరే ఉంది. దాని ఫిర్యాదుల అధికారికి లావాదేవీ నంబర్లతో ఈమెయిల్ పెట్టండి. మోసమని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ నంబరు పేరుతో ఎవరైనా తిరిగి ఫోన్ చేసి ‘మీ సొమ్ము ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అంటే మాత్రం ఒక్క రూపాయి కూడా పంపొద్దు.