పాఠకుల ప్రశ్నలు: మొసళ్ళబ్బాయి కోసం ఏడ్చినవాళ్ళు

గత సంచికలో ఒక ప్రశ్నకు జవాబు చెబుతూ, 2006 సెప్టెంబరు 4న ప్రమాదంలో మరణించిన ఆస్ట్రేలియా టీవీ వ్యాఖ్యాత స్టీవ్ ఇర్విన్ పేరును ఒకే ఒక్క వాక్యంలో తలచుకున్నాను. అంతకు మించి చెప్పవలసిన అవసరం రాదనుకున్నాను. ఆ వాక్యం మీద వచ్చిన ఉత్తరాలు చూశాక నా అంచనా తప్పని తేలింది కనుక, ఈసారి శీర్షిక మొత్తం ఆయన మరణానికీ, ఆ తర్వాత జనం పడ్డ దుఃఖానికీ కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ఎనిమిదో తరగతి పిల్లలు ఫోన్లలో ఆయన పాత వీడియోలు చూసి, అంతంత మొసళ్ళను లొంగదీసినవాడు ఒక చేప వల్ల ఎలా పోయాడని అడుగుతున్నారు. వాళ్ళకు ఏమని చెప్పాలి? (ఒక ఉపాధ్యాయిని, తెనాలి)

జవాబు: ఆ వార్త విన్న రోజు పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్న కూడా అదేనమ్మా. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పోర్ట్ డగ్లస్ పట్టణానికి దగ్గరగా సముద్రంలో బాట్ రీఫ్ అనే పగడపు దిబ్బ ఉంది. సముద్రంలోని ప్రమాదకరమైన జీవుల మీద ఒక డాక్యుమెంటరీ తీయడానికి ఇర్విన్ బృందం 'క్రాక్ వన్' అనే తమ పడవలో అక్కడికి వెళ్ళింది. వాతావరణం అనుకూలించక అసలు చిత్రీకరణ ఆగింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కావడంతో, ఎనిమిదేళ్ళ కూతురు బిండీ కోసం తయారవుతున్న పిల్లల కార్యక్రమానికి నాలుగు దృశ్యాలు పనికొస్తాయని కెమెరామన్‌ను వెంటబెట్టుకుని లోతు తక్కువ నీటిలోకి దిగాడు. అక్కడ ఒక పెద్ద స్టింగ్‌రే ఉంది. మన కోస్తా జాలరులు టేకు చేప అని పిలిచే కోవకు చెందినదే అది. ఒళ్ళంతా పళ్ళెంలా చదునుగా, వెనక కొరడాలాంటి తోక, ఆ తోక మీద రంపపు పళ్ళున్న విషపు ముల్లు ఉంటాయి. తనంతట తాను మనిషి వెంటపడే జీవి కాదది. బెదిరినా, తప్పించుకునే దారి మూసుకుపోయిందనుకున్నా తోక విసురుతుంది. ఇసుకలో దాన్ని చూసుకోకుండా తొక్కినవాళ్ళ కాలికో మడమకో ఆ ముల్లు దిగి భరించలేని నొప్పి పుట్టడమే సాధారణంగా జరుగుతుంది, ప్రాణం పోవడం చాలా అరుదు. ఆ రోజు ఆ ముల్లు ఛాతీలో దిగింది. అప్పుడాయన వయసు 44. భార్య టెరీ ఆ సమయానికి ఇద్దరు పిల్లలతో దేశానికి మరో కొసన ఉన్న టాస్మేనియాలో ఉంది.

మొసలి ఎప్పుడు నోరు తెరుస్తుందో, ఎటు తిరుగుతుందో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తల్లిదండ్రులు బాబ్, లిన్ ఇర్విన్‌లు 1970లో బ్రిస్బేన్‌కు ఉత్తరాన బీర్వాలో మొదలుపెట్టిన పాముల, మొసళ్ళ పార్కులోనే ఆయన పెరిగాడు. అదే తర్వాత ఆస్ట్రేలియా జూ అయింది. మొసళ్ళ దగ్గర ఆయనను కాపాడింది ధైర్యం కాదనీ, ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య అనీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. వీడియోల్లో ధైర్యమే కనబడుతుంది, విద్య కనబడదు.

ప్రశ్న: చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికినన్నాళ్ళూ ఆయనవి కోతిచేష్టలని వెక్కిరించిన ఆస్ట్రేలియావాళ్ళే పోయాక గుండెలు బాదుకున్నారట. ముఖాముఖి ఎన్నడూ చూడని మనిషి కోసం ఏడవడం నాటకం కాదా? (విశ్రాంత ఉద్యోగి, వరంగల్)

జవాబు: సామెత కొంతవరకు సరిగ్గానే తగిలింది మాస్టారూ. ఇర్విన్‌కు అమెరికాలో దొరికినంత ఆదరణ సొంత దేశంలో దొరకలేదు. ఖాకీ నిక్కరు, 'క్రైకీ!' అనే ఆ కేక, కళ్ళు విప్పార్చి మాట్లాడే తీరు చూసి, తమ దేశం గురించి బయటివాళ్ళు ఏమనుకుంటారోనని చదువుకున్న ఆస్ట్రేలియావాళ్ళలో చాలామంది సిగ్గుపడేవారు. ఆ రోజు కన్నీళ్ళలో ఆ చిన్నచూపుకు పడ్డ పశ్చాత్తాపం కూడా కలిసి ఉంటుందని నేననుకుంటాను. అయితే పశ్చాత్తాపాన్ని నాటకమనడానికి నాకు మనసొప్పదు.

అప్పుడు జనం ఏం చేశారో చూడండి. మన ఊళ్ళలో ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్తాం, కాసేపు కూర్చుంటాం, మాట్లాడటానికి ఏమీ లేకపోయినా మాట్లాడకుండానే లేచి వస్తాం. టీవీలో మాత్రమే తెలిసిన మనిషి పోతే పరామర్శకు ఏ ఇంటికి వెళ్ళాలి? వాళ్ళు జూ గేటు దగ్గరకు వెళ్ళారు. రోజుల తరబడి వేలమంది వచ్చి అక్కడ పూలు పెట్టారు, పిల్లలు గీసిన మొసలి బొమ్మలు పెట్టారు. ఆయన వేసుకునే రకం ఖాకీ చొక్కాలు తెచ్చి కంచెకు తగిలిస్తే, వచ్చినవాళ్ళు వాటి మీద మార్కర్‌తో తమ మాటలు రాసి వెళ్ళారు. జేబు మీదా, కాలరు మీదా, చేతుల మీదా ఖాళీ లేకుండా రాతలు. సంతాపం పుస్తకంలో సంతకం చేయడానికీ, పోయినవాడి చొక్కా లాంటి చొక్కా మీద చేయి ఆనించి రాయడానికీ ఎంత తేడా ఉందో మీరే ఆలోచించండి. సిడ్నీ హార్బర్ వంతెన మీద జెండాలు సగానికి దించారు, మర్నాడు పార్లమెంటులో ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు సంతాపం ప్రకటించారు. అవి ప్రభుత్వాలు చేసే పనులు, వాటిని బట్టి నేనేమీ నిర్ణయించను. చొక్కాల సంగతి వేరు.

ముఖం చూడలేదన్నారు కనుక నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. ఆ ఏడాది మేము గుంటూరులో అద్దెకుండేవాళ్ళం. పక్కవాటాలో ఉండే పెద్దావిడకు ఇంగ్లిషు ముక్క రాదు. కేబుల్‌లో యానిమల్ ప్లానెట్ పెట్టగానే, 'మొసళ్ళబ్బాయి వచ్చాడు, రారా' అని మనవణ్ణి కేకేసేది. ఆయన పేరు ఆవిడకు నోరు తిరగదు, ఆయన చెప్పేది అర్థం కాదు, అయినా ఆయన నవ్వితే నవ్వేది, పాము పడగెత్తితే 'జాగ్రత్త నాయనా' అనేది. మరణవార్త వచ్చిన ఉదయం పేపరు పట్టుకుని మా గుమ్మం దగ్గరకు వచ్చి ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న: 'ఆ పిల్లకు ఎన్నేళ్ళుంటాయి?' ఎనిమిదని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ నాటకమాడింది ఎవరి కోసమంటారు?

టీవీ మనుషుల్లో సినిమా నటులు ఒక రకం, ఇలాంటివాళ్ళు ఇంకొక రకం. నటుడు తెర మీద వేరొకరి వేషంలో వస్తాడు. ఈయన తన పేరుతోనే వచ్చాడు. వెంట భార్య వచ్చింది, తర్వాత కూతురు, ఆ తర్వాత కొడుకు. 1992లో పెళ్ళయిన కొత్తలో హనీమూన్‌కు బదులు మొసళ్ళను పట్టడానికి వెళ్ళిన ఆ దంపతుల ప్రయాణమే ఆయన టీవీ కార్యక్రమం 'క్రోకోడైల్ హంటర్' తొలి భాగానికి సరంజామా అయిందంటే, ఆ ఇల్లు మొదటి నుంచీ చూసేవాళ్ళ కళ్ళ ముందే నడిచిందన్నమాట. పదేళ్ళు ఒక సంసారాన్ని చూసినవాళ్ళకు ఆ సంసారం కూలిన రోజున దుఃఖం రావడం సహజం. నన్నడిగితే, ఈ విషయంలో కన్నీళ్ళు నిజమా కాదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ జనం ఏ గడప దాకా రావచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే అసలు ప్రశ్న.

ఆ కుటుంబం ఆ గడపను చాలా స్పష్టంగా చూపించింది. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తామంటే వద్దంది. తన కొడుకు మామూలు మనిషిగానే గుర్తుండాలని కోరుకుంటాడని తండ్రి బాబ్ చెప్పాడు. సెప్టెంబరు 9న కొద్దిమంది మధ్య అంత్యక్రియలు జరిగాయి. ఆయనను జూ ఆవరణలోనే పాతిపెట్టారు, కానీ టిక్కెట్టు కొనుక్కుని వచ్చే సందర్శకులకు ఆ సమాధి దగ్గరకు ప్రవేశం లేదు. ఏడవదలచుకున్న జనానికి వేరే రోజు ఇచ్చారు. సెప్టెంబరు 20న జూలోని 5,500 మంది పట్టే క్రోకోసియం అనే ప్రదర్శన మైదానంలో, ఆయన మొసళ్ళకు తిండి పెట్టిన చోటే, సంస్మరణ సభ జరిగింది. ప్రపంచవ్యాప్తంగా 30 కోట్లమందికి పైగా చూశారని అప్పట్లో అన్నారు. ఇలాంటి లెక్కలను నేను పెద్దగా నమ్మను. అయితే చూసినవాళ్ళెవరూ మరచిపోలేని ఘట్టం ఒకటుంది. ఖాకీ దుస్తుల్లో వచ్చిన బిండీ, కాగితం చేతబట్టుకుని, గొంతు వణకకుండా, మా నాన్న నా హీరో, నాకు అవసరమైనప్పుడల్లా నా కోసం ఉన్నాడు అని చదివింది. సభ మొత్తం లేచి నిలబడింది. చివర్లో ఆయన వాడిన ట్రక్కును, అడవికి బయలుదేరేటప్పటి సామాను ఎక్కించి, మైదానంలోంచి మెల్లగా బయటికి నడిపించారు. అది వెళ్ళాక జూ సిబ్బంది పసుపు పూలతో నేల మీద ఆ 'క్రైకీ' అన్న మాటనే పేర్చారు. కోతిచేష్ట అని నవ్విన ఆ కేకనే!

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. ఆయన జంతువులను హింసపెట్టి పేరు తెచ్చుకున్నాడని ఒక రచయిత్రి వెంటనే రాసిందనీ, అందరూ ఆమె మీద విరుచుకుపడ్డారనీ ఇక్కడి స్నేహితులు చెబుతారు. ఆమె అన్నది తప్పా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ స్నేహితులు చెప్పేది జర్మేన్ గ్రీర్ గురించి. ఇర్విన్ పోయిన మర్నాడే, అంటే సెప్టెంబరు 5న, లండన్ గార్డియన్ పత్రికలో ఆమె వ్యాసం వచ్చింది. జంతులోకం ఎట్టకేలకు పగ తీర్చుకుందన్నది దాని సారాంశం. రాజకీయ నాయకులతో సహా ఎందరో ఆమెను దుయ్యబట్టారు.

విషయాన్ని రెండుగా విడదీసి చూద్దాం. అడవి జంతువును దాని మానాన వదిలి దూరం నుంచి చూపించాలా, మీద పడి పట్టుకుని చూపించాలా అన్నది న్యాయమైన చర్చ. ఈ విషయంలో నా మొగ్గు కూడా దూరం నుంచి చూపించేవాళ్ళ వైపే. 2004 జనవరిలో నెల వయసున్న కొడుకును ఒక చంకలో పెట్టుకుని రెండో చేత్తో మొసలికి మాంసం అందించిన దృశ్యాన్ని నేనిప్పటికీ సమర్థించలేను. కేసు పెట్టలేదన్నంత మాత్రాన అది మంచి పని అయిపోదు. కానీ ఇంకా శవం ఇల్లు చేరని రోజున పగ అనే మాట వాడటం విమర్శ కిందకు రాదు. చావింటి ముందు నిలబడి లెక్కలు తీసే బంధువు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. వాడి లెక్క సరైనదే కావచ్చు, అయినా ఎవరూ వాణ్ణి లోపలికి రమ్మనరు. ఇంకో మాట. ఇర్విన్ దంపతులు సంపాదనలో పెద్ద భాగాన్ని అడవి జంతువుల కోసం భూములు కొనడానికి ఖర్చుపెట్టారు. 2004లో తల్లి లిన్ జ్ఞాపకార్థం జంతువుల ఆసుపత్రి తెరిచారు. ఆ సంగతి చెప్పకుండా ఆయన మీద తీర్పు ఇస్తే అది సగం తీర్పే అవుతుంది.

ప్రశ్న: ఆయన అభిమానులు కోపంతో స్టింగ్‌రేలను చంపారని విన్నాను. మేము చేపల వ్యాపారంలో ఉన్నాం, నమ్మలేకపోతున్నాను. (కాకినాడ)

జవాబు: ఆ తర్వాతి రోజుల్లో క్వీన్స్‌లాండ్ తీరంలో కనీసం పది స్టింగ్‌రేలు చచ్చి కనిపించాయి, వాటిలో కొన్నింటి తోకలు నరికి ఉన్నాయి. వలలో పొరపాటున పడినప్పుడు ముల్లు గుచ్చుకోకుండా తోక కోసి పారేసే అలవాటు అక్కడి జాలరులకూ ఉంది, మీకు తెలియనిది కాదు. అందువల్ల అన్నీ పగతో చంపినవేనని అనలేం. అయినా ఇర్విన్ స్థాపించిన వన్యప్రాణి సంరక్షణ సంస్థ వెంటనే కల్పించుకుని, ఇలాంటి పని ఆయన కోరుకునేది కాదని చెప్పవలసి వచ్చింది. సంస్మరణ సభలో తండ్రి బాబ్ మాట్లాడుతూ, స్టీవ్ కోసం ఏడవకండి, అతను ప్రశాంతంగా ఉన్నాడు, జంతువుల కోసం ఏడవండి, వాటికున్న అందరికంటె మంచి స్నేహితుడు పోయాడు, నాకూ అంతే అన్నాడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి జంతువులన్నప్పుడు స్టింగ్‌రేలను మినహాయించలేదు.

ప్రశ్న: ఆయన చనిపోయిన వీడియో ఎక్కడ దొరుకుతుంది? నెట్‌లో రకరకాలు కనిపిస్తున్నాయి. (హైదరాబాద్)

జవాబు: దొరకదు. అసలైన దృశ్యాన్ని పోలీసులు దర్యాప్తు కోసం తీసుకున్నారు, ఏ టీవీలోనూ అది రాలేదు. తానే చూడదలచుకోలేదని టెరీ అప్పుడే చెప్పింది. మీకు కనిపించేవన్నీ నకిలీవి. 2007 జనవరిలో ప్రసారమైన ఆ సముద్రపు డాక్యుమెంటరీలో కూడా ప్రమాదం తాలూకు ఒక్క ఫ్రేము లేదు. మీకు చూడాలనే ఉంటే, ఆయన ఆ రోజు ఏ కార్యక్రమం కోసం నీళ్ళలోకి దిగాడో అదే 2007లో 'బిండీ ద జంగిల్ గర్ల్' అన్న పేరుతో వచ్చింది. అందులో ఆయన ఉన్నాడు, అంతకు ముందే తీసిన దృశ్యాల్లో, కూతురి పక్కన.