వేసవి కొండవాగుల్లో ట్రౌట్: ఏ ఫ్లై ఎంచుకోవాలి?
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మేము డెన్వర్ పక్కన అరోరాలో ఉంటున్నాము. జూలై చివరి వారంలో ఎస్టెస్ పార్క్‌లో అయిదు రోజులు బస చేసి, రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ లోపలి వాగుల్లో ట్రౌట్ చేపల కోసం గాలం వేయాలని అనుకుంటున్నాను. నేను కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణి. పంట కాలువలో వానపాము గుచ్చి జెల్లలు పట్టిన అలవాటు ఉంది కానీ ఫ్లై ఫిషింగ్ పోయిన ఏడాదే మొదలుపెట్టాను. దుకాణానికి వెళ్లి చూస్తే అరల నిండా వందల రకాల ఫ్లైలు (గాలానికి ఈకలు, వెంట్రుకలు చుట్టి పురుగులా చేసిన ఎరలు) ఉన్నాయి. ఏది కొనాలో తోచక వట్టి చేతులతో తిరిగి వచ్చాను. అయిదు రోజులకు ఎన్ని రకాలు, ఏ సైజులు సరిపోతాయో వివరంగా చెప్పగలరా?
– ఒక పాఠకుడు, అరోరా, కొలరాడో

సమాధానం: కాలువలో గాలం వేసిన అనుభవం మీకు అడ్డు కాదు. అయితే ఒక్క తేడాను ముందుగా మనసులో నిలుపుకుంటే తక్కిన ఎంపిక అంతా దాని వెంట వస్తుంది. బురద కాలువలో జెల్ల వానపాము వాసన పసిగట్టి వస్తుంది. ఎర చూపుకు ఎలా ఉన్నా దానికి పట్టదు. అద్దంలాంటి కొండవాగులో ట్రౌట్ కంటితో వెతుక్కుంటుంది. ప్రవాహానికి ఎదురుగా రాతి చాటున నిలబడి, నీరు తన ముందుకు తెచ్చినదాన్ని చూసి, తినవచ్చునో లేదో ఒకటి రెండు క్షణాల్లో తేల్చుకుంటుంది. తొలకరి వాన వెలిసిన సాయంత్రం మన ఊళ్లలో ఉసిళ్లు లేస్తే కాకులు, గోరింకలు, కప్పలు, బల్లులు తక్కిన తిండిని వదిలేసి వాటి మీదనే పడడం మీరు చూసే ఉంటారు. వాగులో రెక్కల పురుగులు ఒక్కసారిగా పైకి లేచినప్పుడు ట్రౌట్ కూడా అదే చేస్తుంది. అందువల్ల ఫ్లై ఎంపిక దుకాణంలో సగమే జరుగుతుంది. మిగిలిన సగం వాగు ఒడ్డున, ఆ గంటకు నీటి మీద ఏ పురుగు కొట్టుకువస్తున్నదో చూసిన తరువాత జరుగుతుంది.

మీరు ఎంచుకున్న కాలం మంచిది. కొలరాడో కొండల్లో మంచు కరిగి వాగులు పొంగడం సాధారణంగా మే చివరి నుంచి జూన్ మధ్య దాకా ఉధృతంగా ఉంటుంది. జూలై చివరికి నీరు తగ్గి, తేరుకుని, అడుగు రాళ్లు కనిపిస్తుంటాయి. పైగా ఎత్తైన చోట్ల చేపకు తిండి దొరికే కాలం చాలా తక్కువ కనుక, నిటారుగా దూకే చిన్న వాగుల్లో అది పెద్దగా వంకలు పెట్టదు. ఆలోచించే వ్యవధిని ప్రవాహం కూడా దానికి ఇవ్వదు. మోరెయిన్ పార్క్ పచ్చిక మధ్య మెలికలు తిరుగుతూ మెల్లగా నడిచే బిగ్ థాంప్సన్ నదిలో మాత్రం చేపకు తీరిక ఉంటుంది, మనుషుల అలికిడి కూడా దానికి అలవాటే. కాబట్టి మీ పెట్టెలో రెండు తరహాల ఫ్లైలు ఉండాలి: ఉరకలు వేసే నీటిలో బాగా తేలుతూ మీ కంటికీ చేప కంటికీ ఆనేవి కొన్ని, నిదానంగా నడిచే నీటి కోసం చిన్నవీ పలచనివీ మరికొన్ని.

ఎంచుకునేటప్పుడు మొదట సైజు చూడండి, తరువాత అది నీటిలో ఎలా కూర్చుంటుందో చూడండి, రంగును చివరికి వదిలేయండి. కొత్తవారు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నేనూ మొదటి రెండేళ్లు అలాగే రంగులు చూసి కొన్నాను. ఒక ఆగస్టు ఉదయం బిగ్ థాంప్సన్‌లో నా కళ్ల ముందే చేపలు పైకి వచ్చి ఏదో తింటున్నాయి, నేను వేసిన ఏ ఫ్లైనూ ముట్టలేదు. విసిగి, పాదాల దగ్గరి రాయి ఒకటి తిప్పి చూస్తే, దాని అడుగున పాకుతున్న మేఫ్లై అనే నీటి పురుగు పిల్లలు నా ఫ్లైలో సగం కూడా లేవు. అదే రకం ఫ్లైను రెండు సైజులు తగ్గించి కట్టిన తరువాత మూడో విసురుకే చేప తీసుకుంది. గాలం సైజుల అంకె పెరిగే కొద్దీ ఫ్లై చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. 16వ సైజు ఫ్లై రమారమి వడ్లగింజంత ఉంటుంది, 20వ సైజుది బియ్యపుగింజను మించదు. జూలై చివరికి మీకు ఎక్కువగా పనికివచ్చేవి 14, 16, 18 సైజులు.

ఇక రకాల విషయం. నీటి మీద తేలే డ్రై ఫ్లైలలో ఒక్కటే కొనగలిగితే పారాషూట్ ఆడమ్స్ కొనండి. దాని మూలరూపమైన ఆడమ్స్‌ను 1922లో మిషిగన్‌లో లెనార్డ్ హలడే కట్టాడు. ఆ బూడిద రంగు ఏ ఒక్క పురుగునూ అచ్చుగుద్దినట్టు పోలదు కానీ, చాలా మేఫ్లైలను అంతో ఇంతో పోలుతుంది. పైన నిలువుగా ఉండే తెల్లని కుచ్చు మీ కంటికి ఆనుతుంది, అడుగు భాగం నీటి పొరలో దిగి సహజంగా కూర్చుంటుంది. రెండవది ఎల్క్ హెయిర్ కాడిస్. అల్ ట్రోత్ 1957లో రూపొందించిన ఈ ఫ్లైకి ఎల్క్ అనే పెద్ద దుప్పి వెంట్రుకలే రెక్కలు. లోపల గాలి నిండిన వెంట్రుకలు గనుక నురగలు కక్కే నీటిలో కూడా మునగదు. సాయంత్రం ఒడ్డు పొదల మీద గుడారం ఆకారంలో రెక్కలు ముడిచి వాలే పురుగులు కనిపిస్తే అవి కాడిస్ అనే నీటి పురుగులే, అప్పుడు దీన్ని కట్టండి. మూడవది పసుపు రంగు స్టిమ్యులేటర్, 14వ సైజుది. ఎల్లో సాలీ అని పిలిచే చిన్న స్టోన్‌ఫ్లై పురుగుకు ఇది సరిపోతుంది. ఉదయం పదకొండు మొదలు మధ్యాహ్నం దాకా లేత పసుపు మేఫ్లైలు తెరచాపల్లా రెక్కలు నిలబెట్టి తేలివస్తుంటే అవి పేల్ మార్నింగ్ డన్‌లు; వాటికి 16, 18 సైజుల్లో ఆ పేరుతోనే దొరికే ఫ్లై ఉంది.

వీటికన్నా ముఖ్యమైనవని నేను నమ్మేవి నేల మీది పురుగులు. జూలై చివరి నుంచి పచ్చికలోని మిడతలు, చీమలు, నల్ల పెంకు పురుగులు గాలికి నీళ్లలో పడుతుంటాయి. నీటి పురుగులు లేచే వేళలు కొన్నే గానీ, చీమ పడడానికి వేళాపాళా లేదు. 16వ సైజు నల్ల చీమ ఫ్లైను చాలామంది కొనరు, ఎందుకంటే అది చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు, నీటి మీద మనకు సరిగా కనిపించదు. అయినా దుకాణం నుంచి అది లేకుండా రాకండి. పచ్చిక అంచుల్లో ఒడ్డు కిందకు కోసుకుపోయిన చోట బ్రౌన్ ట్రౌట్ దాక్కుంటుంది. గాలి వీచే మధ్యాహ్నం అక్కడికి 10వ సైజు మిడత ఫ్లైను ఒడ్డుకు ఆనించి విసరండి.

ట్రౌట్ తినే తిండిలో అధికభాగం నీటి అడుగునే దొరుకుతుంది కనుక నింఫ్‌లు, అంటే అడుగున ఉండే పిల్లపురుగులను పోలిన ఫ్లైలు, లేకుండా వెళ్లకూడదు. ఫెజంట్ టెయిల్ 16, 18 సైజుల్లోనూ, హేర్స్ ఇయర్ 14లోనూ తీసుకోండి. మొదటిదాన్ని ఇంగ్లండులోని ఏవన్ నదిని కాపాడుతూ బతికిన ఫ్రాంక్ సాయర్ కట్టాడు. దారానికి బదులు సన్నని రాగితీగతో చుట్టడం వల్ల అది త్వరగా అడుగుకు దిగుతుంది. వడిగా పారే లోతు గుంటలకు మీ పొరుగు ఊరు బౌల్డర్‌కు చెందిన జాన్ బార్ రూపొందించిన కాపర్ జాన్ అనే నింఫ్ తగినది, అది ఇంకా బరువైనది. మిడత ఫ్లైను పైన కట్టి, దాని గాలం వంపు నుంచి ఒకటిన్నర రెండు అడుగుల దారంతో నింఫ్‌ను వేలాడదీస్తే, పైది మన కాలువ గాలానికి కట్టిన బెండులా పనిచేస్తుంది. అది చటుక్కున మునిగినా, ఆగినా, పక్కకు జరిగినా కర్ర ఎత్తండి. ఈ పని మీ చేతికి కొత్త కాదు!

చేప పైకి వచ్చే తీరును కూడా గమనించండి. మూతి బయటపెట్టి తింటుంటే పైన తేలే పురుగును తింటున్నట్టు. వీపు, తోక మాత్రమే కనిపిస్తుంటే నీటి పొర కిందనే, రెక్కలు విప్పుకోవడానికి పైకి వస్తున్న పురుగును తింటున్నట్టు. రెండవ సందర్భంలో డెన్వర్ ప్రాంతపు రిమ్ చుంగ్ రూపొందించిన ఆర్ఎస్2 అనే చిన్న ఫ్లైను 20వ సైజులో వాడితే తేడా తెలుస్తుంది. సరైన ఫ్లై కట్టినా దారం లాగడం వల్ల అది ప్రవాహం కన్నా వేగంగా గీత గీసుకుంటూ పోతే చేప దాన్ని వదిలేస్తుంది. అందువల్ల ఫ్లై మార్చే ముందు, అది నీటితో పాటు ఊరికే కొట్టుకుపోతున్నదా లేదా అని రెండుసార్లు చూసుకోండి. చివరి దారం మందం కోసం ఫ్లై సైజును మూడుతో భాగించుకుంటే లెక్క సులభం: 12కు 4ఎక్స్, 16కు 5ఎక్స్, 18కి 6ఎక్స్ (ఎక్స్ ముందు అంకె పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది). మొత్తం మీద వీటిలో ఎనిమిది తొమ్మిది రకాలు, ఒక్కొక్కటి మూడేసి చొప్పున ఉంటే అయిదు రోజులు నిశ్చింతగా గడుస్తాయి. ఒకటి చెట్టుకు చిక్కుతుంది, ఒకటి రాతికి పోతుంది, ఒకటి మీకు మిగులుతుంది.

ప్రశ్న: పోయిన వేసవిలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో డ్రీమ్ లేక్ దాకా నడిచి వెళ్లాను. ఒడ్డు దగ్గరే పెద్ద చేపలు తిరుగుతూ కనిపించాయి గానీ, వాగులో పనిచేసిన ఫ్లైలను అవి కన్నెత్తి చూడలేదు. కొండ చెరువులకు వేరే ఫ్లైలు కావాలా?
– ఒక పాఠకురాలు, డాలస్, టెక్సస్

సమాధానం: ఫ్లైల కన్నా వాటిని వేసే పద్ధతి వేరు. వాగులో చేప నిలబడి ఉంటే తిండి దాని దగ్గరకు వస్తుంది. చెరువులో తిండి నిలబడి ఉంటే చేప తిరుగుతుంది. అది ఒడ్డు వెంబడి తిరిగే దారిని కొంతసేపు కూర్చుని చూసి, దాని తల మీద పడేట్టు కాకుండా, అది రాబోయే దారిలో చాలా ముందుగా ఫ్లైను వేసి కదపకుండా ఉంచండి. నిశ్చలమైన నీటిలో చేప ఎంతసేపైనా పరీక్షించగలదు కనుక 18వ సైజు చీమ, 20వ సైజు ఆడమ్స్ వంటి చిన్నవే మేలు. దారం తొమ్మిది అడుగులకు తక్కువ కాకుండా, 6ఎక్స్ మందంలో ఉండాలి. గాలికి నీటి మీద అలలు లేచినప్పుడు చేప దృష్టి మసకబారుతుంది, అప్పుడు 10వ సైజు వూలీ బగ్గర్‌ను నెమ్మదిగా, ఆపి ఆపి లాగి చూడండి. ఈ నల్లని ఫ్లై చెరువులో జలగనూ ఈదే పురుగునూ తలపిస్తుంది.

డ్రీమ్ లేక్‌లో పట్టిన చేపను వదిలేయడం తప్పనిసరి, గాలం కొనకు వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు (బార్బ్) ఉండకూడదు. ఈ నియమాన్ని మనస్ఫూర్తిగా పాటించాలని నా విన్నపం. గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ అనే ట్రౌట్ 1994 నుంచి కొలరాడో రాష్ట్ర చేప. బ్రౌన్ ట్రౌట్ ఐరోపా నుంచి, బ్రూక్ ట్రౌట్ తూర్పు అమెరికా నుంచి, రెయిన్‌బో పసిఫిక్ తీరం నుంచి ఇక్కడికి తెచ్చినవి. ఈ కొండలకు పుట్టుకతో చెందినది కట్‌త్రోట్ ఒక్కటే, అది కూడా నిలవడానికి చోటు లేనంతగా కుంచించుకుపోయింది. స్వచ్ఛమైన గ్రీన్‌బ్యాక్ వంశం కొలరాడో స్ప్రింగ్స్ దగ్గరి బేర్ క్రీక్ అనే చిన్న వాగులో మాత్రమే మిగిలిందని 2012లో జన్యు పరిశోధన తేల్చింది. ఫ్లైలు కొన్న రోజునే సన్నని పట్టకారుతో ముళ్లన్నిటినీ నొక్కేసుకోండి, అప్పుడు ఒడ్డున మరిచిపోయే ప్రమాదం ఉండదు. చేతులు తడిపి చేపను పట్టుకోండి, నీటిలోనే ఉంచి గాలం విప్పండి. కిందనున్న వాగులకు వెళితే ఒక థర్మామీటర్ కూడా దగ్గర ఉంచుకోండి: నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, పెట్టెలో ఎంత మంచి ఫ్లై ఉన్నా, వదిలిన చేప బతకడం కష్టం కనుక ఆ రోజుకు ఆపేయాలి. చెరువుల దగ్గర నీటి వేడి భయం తక్కువ గానీ ఉరుముల భయం ఎక్కువ. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ మబ్బులు త్వరగా కమ్ముతాయి కనుక తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నానికి దిగివచ్చేట్టు చూసుకోండి.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికా నుంచి పంపిన ఫ్లైల పెట్టె నా దగ్గర ఉంది. వాటిని హిమాచల్‌లోని తీర్థన్ నదిలో వాడవచ్చునా? జూలైలో సెలవు దొరుకుతుంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ఫ్లైలు పనికివస్తాయి, జూలై పనికిరాదు. రుతుపవనాల వానలకు హిమాచల్ నదులు మట్టి కలిసి ఎర్రబడతాయి, కంటితో వెతుక్కునే చేపకు ఆ నీటిలో ఏ ఫ్లైనూ చూపలేము. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ వేటపై నిషేధం ఉంటుంది కనుక మీకు మిగిలేవి రెండు కాలాలు: మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా ఒకటి, వానలు వెనుకబట్టాక సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు ముగిసేదాకా ఇంకొకటి. సెలవు మార్చుకోగలిగితే అక్టోబరును ఎంచుకోండి, నీరు తేటగా ఉండి డ్రై ఫ్లైలు కూడా వేయవచ్చు. తీర్థన్‌లో ఉన్నది ముఖ్యంగా బ్రౌన్ ట్రౌట్. ఆంగ్లేయుల కాలంలో కశ్మీరు మీదుగా కులూ లోయకు చేరిన చేప ఇది. మీ పెట్టెలో హేర్స్ ఇయర్, ఫెజంట్ టెయిల్ నింఫ్‌లు 12, 14 సైజుల్లో ఉంటే వేసవి మొదట్లో వాటితోనే మొదలుపెట్టండి; మంచు నీరు కలిసి ప్రవాహం బలంగా ఉంటుంది కనుక రాగితీగ చుట్టినవీ, తలకు పూస ఉన్నవీ అడుగుకు చేరతాయి. సాయంకాలం ఎల్క్ హెయిర్ కాడిస్ వేసి చూడండి. చేపల శాఖ ఇచ్చే అనుమతి పత్రం లేకుండా మాత్రం నీటిలో దారం వేయవద్దు.