జల్లెడ ఊగమంటే నడిచిపోతోంది

ప్రశ్న: సార్, నేను బీటెక్ మెకానికల్ ఆఖరి సంవత్సరం. చెనక్కాయలు జల్లించే మిషన్ ఫ్రేమ్ మీద ప్రాజెక్టు చేస్తున్నాను. బేస్‌కు 10 హెర్ట్జ్ (సెకనుకు 10 ఊపులు), 1 జి (భూమి గురుత్వమంత) సైన్ యాక్సిలరేషన్ ఇచ్చి, కంప్యూటర్‌లో ట్రాన్సియెంట్ అనాలిసిస్ (క్షణక్షణం కదలికను లెక్కించేది) నడిపితే, ఫ్రేమ్ మొత్తం ముందుకు జరిగిపోతోంది. 2 సెకన్లకు 31 సెంటీమీటర్లు! తప్పు సాఫ్ట్‌వేర్‌దా, నా మోడల్‌దా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: రెండిట్లోనూ లేదమ్మా. నువ్వు చెప్పిందే అది చేసింది.

మా కడప ఏడురోడ్ల కూడలిలో సాయంత్రం పూట ఆటో ఎలా పోతుంది? కాస్త కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. రివర్స్ మాత్రం ఉండదు. నీ బేస్ కూడా అంతే. మొదటి అర సైకిల్లో వేగం పుంజుకుంటుంది. రెండో అర సైకిల్లో వెనక్కి లాగే యాక్సిలరేషన్ ఆ వేగాన్ని సున్నా చేయడానికే సరిపోతుంది. వెనక్కి నడిపించడానికి ఏమీ మిగలదు.

లెక్క చూడు. 1 జి విలువ 9.81ని 2π×10తో, అంటే 62.8తో భాగిస్తే సెకనుకు 0.156 మీటర్లు. సగటు వేగం అదే. 2 సెకన్లకు నీ 31 సెంటీమీటర్లు వచ్చేశాయి! ఇంకోసారి 62.8తో భాగించు: 2.5 మిల్లీమీటర్లు. అసలు ఊపు అటూ ఇటూ అంతే.

మందు ఏమిటంటే, బేస్‌తో సహా మోడల్ మొత్తానికి మొదట్లోనే మైనస్ 0.156 వేగం ఇవ్వు. నన్నడిగితే బేస్‌ను బిగించేసి, యాక్సిలరేషన్‌ను మొత్తం బాడీకి జడత్వ లోడ్‌గా, అంటే బరువులా ప్రతి భాగం మీదా పడే బలంగా ఇవ్వడం ఇంకా సుఖం. అప్పుడు వచ్చే కదలిక బేస్‌తో పోల్చి చూసినదని గుర్తుంచుకో. గుర్తు ప్లస్సా మైనస్సా అనేది ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది. ముందు స్టాటిక్‌లో, అంటే ఊపు లేని లెక్కలో 1 జి ఇచ్చి, ఫ్రేమ్ ఎటు వంగిందో చూసుకో. టైమ్ స్టెప్ 0.005 సెకన్లు దాటనీయకు. సైకిల్‌కు 20 పాయింట్లయినా పడాలి.

యూనిట్లు కూడా చూసుకో. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మిల్లీమీటర్ల మోడల్‌లో 1 జికి 9810 బదులు 9.81 కొట్టాను. స్ట్రెస్ (లోహం లోపలి ఒత్తిడి) వెయ్యో వంతుకు పడిపోయింది. డిజైన్ రాయిలా ఉందని గొప్పగా చెప్పాను కూడా. బ్రాకెట్ మూడో రోజే వెల్డింగ్ దగ్గర విరిగింది.

మోటారు స్థిరంగా తిరిగేటప్పటి స్ట్రెస్ ఒక్కటే కావాలంటే ట్రాన్సియెంట్ ఎందుకమ్మా, హార్మోనిక్ రెస్పాన్స్ (నిలకడైన ఊపును నేరుగా లెక్కించేది) చాలు. డ్యాంపింగ్, అంటే ఊపును అణచే గుణం మాత్రం మరవకు. 2 శాతం పెడితే రెజొనెన్స్ దగ్గర, అంటే ఫ్రేమ్ తనంతట ఊగే వేగంతో మోటారు ఊపు కలిసినచోట, ఊపు సుమారు 25 రెట్లవుతుంది. నీ ఫ్రేమ్ మొదటి సహజ ఫ్రీక్వెన్సీ (తనంతట ఊగే వేగం) ఎంతో ఉత్తరంలో రాయలేదు. అది 10 హెర్ట్జ్‌కు దగ్గర్లో ఉంటే, ఈ 31 సెంటీమీటర్ల సంగతి పక్కనపెట్టి ముందు దాని పని చూడు.