దంగుస్ అంటే ఏ ఆకాశం?

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. లిథువేనియా వాళ్ల పాత మతగ్రంథాల మీద తెలుగులో రాయాలని నీకు తట్టడమే నాకు సంబరం. రెండోసారి చదువుతుంటే మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. "పరలోకపు పక్షులను చూడండి" అని రాశావు. పాపం, ఆ పిట్టలు బతికున్నాయా పోయాయా అని అనుమానం వచ్చింది.

'దంగుస్' అనే లిథువేనియన్ మాటకి మొదట దొరికిన 'పరలోకం' అనే అర్థం పట్టుకుని వ్యాసమంతా పరిచేశావు. "పరలోకమందున్న మా తండ్రీ" దగ్గర అది బాగానే అతికింది. పిట్టల దగ్గరికొచ్చేసరికి బెడిసింది. మన తెలుగు బైబిల్లో అక్కడ "ఆకాశపక్షులు" అని ఉంటుంది. మనకి రెండు మాటలున్నాయి, వాళ్లకి ఒక్కటే. మబ్బులు తేలేదీ దంగుసే, దేవుడుండేదీ దంగుసే. ఏది ఏదో వాళ్ల పాఠకుడు వాక్యాన్ని బట్టి తేల్చుకుంటాడు. తెలుగులో రాస్తున్నావు కాబట్టి ఆ పని నీ నెత్తిన పడింది.

మాట పుట్టుక కూడా చూడు. 'కప్పడం' అనే క్రియ నుంచి వచ్చింది. అదే కుదురులో 'దంగ్తిస్' ఉంది, అంటే మూత. గిన్నె మీద పెట్టే మామూలు మూతే. లిథువేనియన్‌కి చెల్లెల్లాంటి పాత ప్రష్యన్ భాష ఇప్పుడు లేదు గానీ, 1400 ప్రాంతంలో రాసుకున్న ఎల్బింగ్ పదపట్టికలో దాని మాటలు 800 దాకా మిగిలాయి. అందులో దంగుస్ రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకచోట ఆకాశం, ఇంకోచోట అంగిలి. నోటికి పైకప్పు కదా! ఇలాంటిది దొరికితే ఫుట్‌నోట్‌లోకి తోసేస్తారా ఎవరైనా? నేనైతే వ్యాసం అక్కణ్ణుంచే ఎత్తుకునేవాణ్ణి.

అలాగని పక్కింటి నిఘంటువు నమ్ముకోకు. లిథువేనియన్‌లో 'దెబెసిస్' అంటే మబ్బు. లాట్వియన్‌లో అదే మాట ఆకాశం, స్వర్గం కూడా.

నాకు నిజంగా కోపం వచ్చింది మజ్విదస్ దగ్గర. 1547లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ పట్నంలో అచ్చయిన ఆయన పుస్తకం లిథువేనియన్‌లో మొట్టమొదటి అచ్చు పుస్తకం. దాని గురించి ఒక్క లైను రాసి వెళ్లిపోయావు! పద్యపీఠికలో పుస్తకమే నోరు తెరిచి, అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా, నన్ను తీసుకుని చదవండి అంటుంది. జెమెపతిస్ లాంటి పాత దేవుళ్లను వదిలేయమంటుంది. జెమె అంటే నేల. పతిస్ మన 'పతి'కి చుట్టమే. భూపతి అన్నమాట. అదే పుస్తకంలో ప్రభువు ప్రార్థన కూడా ఉంది: దంగుస్‌లో ఎలాగో జెమె మీదా అలాగే జరగాలని. వదిలేయమన్న దేవుడి పేరులోని నేలే కొత్త ప్రార్థనలోకీ వచ్చి కూర్చుంది. అది విన్న రైతుకి జెమె అంటే తన పొలమా, ఈ లోకమా? రెండూ కలిసే వినిపించి ఉంటాయని నా ఊహ.

బ్రెట్కూనస్ అనే పాస్టరు 1579 నుంచి 1590 దాకా కూర్చుని బైబిల్ అంతా లిథువేనియన్‌లోకి తెచ్చాడు. ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. రాతప్రతి అంచుల నిండా దిద్దుబాట్లు, మాటకు బదులు మాటలు. అన్నేళ్లు తటపటాయించాడాయన. నువ్వేమో నాలుగు రోజుల్లో తేల్చేశావు.

నేనూ తక్కువ తినలేదులే. కొత్తలో ఒక ఇంగ్లిష్ కథ అనువదిస్తూ, కుండపోత వాన పడే చోట "స్వర్గద్వారాలు తెరుచుకున్నాయి" అని రాశాను. పత్రిక ఎడిటర్ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన "గొడుగు ఎందుకు తెరిచాడు?" అని రాసి తిప్పి పంపాడు.

నీ వ్యాసంలో దంగుస్ వచ్చిన ప్రతి వాక్యాన్నీ ఒక కాగితం మీద ఎక్కించు. పక్కనున్న క్రియ చూడు. ఎగురుతోందా, కురుస్తోందా, ఎవరైనా అక్కడ కూర్చుని ఉన్నారా? ఎటూ తేలని చోట దంగుస్ అనే ఉంచేయ్, తప్పులేదు.

పండక్కి వచ్చేటప్పుడు తిరగరాసిన కాపీ తీసుకురా. పిట్టల్ని మాత్రం ఈలోపే ఆకాశంలోకి వదిలెయ్.

ఆశీస్సులతో,
మీ మాస్టారు